పాలు ఎటు పొంగినట్టు

ఆ గురువారం పొద్దున ఆదిలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదీ ఇరవైకి ముహూర్తం, పాలు పొంగించాలి. తొమ్మిదిన్నరకి వచ్చినవాళ్ళకి తలో గ్లాసు పాలు ఇవ్వాలి. పది కొట్టేసరికి రాజోలు బస్టాండులో దిగిన మొదటి మనిషికి వేడివేడి అన్నం, చేపల పులుసు పెట్టాలి. ఇంత చిన్న పనిలో తప్పు జరగడానికి చోటెక్కడుంది అనుకుంది. అలా అనుకున్నవాళ్ళ ఇల్లే విధి వెతుక్కుంటూ వస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఈ పని ఆమెకి ఎంత ముఖ్యమో ముందు చెప్పుకోవాలి. ఆమె మొగుడు ముత్యాలరాజు అంతర్వేదిలో ఇరవై రెండేళ్ళు బోటు మీద వేటకి వెళ్ళినవాడు. నిరుడు వల లాగుతూ నడుం పోగొట్టుకున్నాడు. ఇక సముద్రం వంక చూడొద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆదిలక్ష్మి చేతిలో ఉన్న విద్య ఒక్కటే, చేపలు వండడం. రాజోలులో ఓ గది అద్దెకి తీసుకుని భోజనం పెడితే పిల్లలిద్దరి చదువూ గట్టెక్కుతుందని ఆశపడింది. మూడు గదులు చూసింది. చేపలనేసరికి ముగ్గురు ఇంటివాళ్ళూ ముక్కు మూసుకున్నారు. ఆ ముగ్గురిళ్ళలోనూ ఆ పూట చేపల కూరే ఉడుకుతోందన్నది వేరే సంగతి.

నాలుగోది భవానీదేవిగారి గది. భవానీదేవిగారు ఇరవై ఎకరాల కొబ్బరితోట ఉన్న ఆసామి. బస్టాండు ఎదుట వీధిలో వరసగా నాలుగు గదులు కట్టించి, వాటిమీద అటక నిండా కురిడీ కాయలు పోయించారు. ఎండిన కొబ్బరికి నిప్పురవ్వ తగిలితే వీధి వీధంతా బుగ్గయిపోతుంది. అంచేత ఆవిడ గదుల్లో అద్దెకుండేవాళ్ళు అగ్గిపుల్ల కూడా గియ్యడానికి వీల్లేదు. ఆ షరతు విని, భోజనం పెట్టేవాళ్ళెవరూ అటు తొంగి చూడలేదు.

ఆదిలక్ష్మి మాత్రం వదల్లేదు. అమలాపురంలో ఆడవాళ్ళకి మైక్రోవేవ్ ఓవెన్ మీద మూడు రోజుల శిక్షణ ఇస్తున్నారని తెలిసి వెళ్ళి నేర్చుకుంది, ఉన్న డబ్బుతో ఓ ఓవెన్ కొనుక్కుంది. నేర్పిన ఉషారాణి మేడం చెప్పిన సూత్రాలు అప్పజెప్పమంటే నిద్రలో లేపినా అప్పజెప్పగలదు. లోపల లోహం పెట్టకూడదు. మూత బిగించకూడదు, ఆవిరికి దారి వదలాలి. సగంలో ఆపి కలపాలి. ఆగిపోయాక రెండు నిమిషాలు కదపకుండా ఉంచాలి. ముక్క నడిమధ్యలో వేడి తగలనిదే ఎవరికీ వడ్డించకూడదు. ఈ చివరి సూత్రం చెప్పేటప్పుడు మేడం కళ్ళజోడు తీసి మరీ చెప్పారు.

"పొయ్యి పెట్టనండి అమ్మగారు. ఇంటికాడ వండేసి, ఐసు పెట్టెలో పెట్టి తెచ్చుకుంటానండి. ఇక్కడ ఓవెన్లో వేడిచేసి ఇచ్చెయ్యడమేనండి. మంటుండదు, పొగుండదు," అని భవానీదేవిగారిని బతిమాలింది.

భవానీదేవిగారు ఆలోచించారు. "సరే, ఇస్తాను. కానీ పాలు పొంగాకే తాళంచెవి చేతిలో పెడతాను. ఇదివరకు ఇందులో సెల్‌ఫోన్ల కొట్టువాడు పాలు పొంగించకుండా దిగేడు. ఆర్నెల్లు తిరక్కుండా మూసేసుకుని పోయేడు."

"కరెంటు పొయ్యి ఒకటి అరువు తెచ్చి పొంగిస్తానండి."

"కురిడీల కింద ఎర్రగా కాగే పొయ్యి పెడతావా? పైగా అరువు పొయ్యి మీద పొంగితే ఆ అదృష్టం అరువిచ్చినవాళ్ళకి పోతుంది. రేపట్నుంచి నువ్వు దేంట్లో వేడిచేస్తావో దాంట్లోనే పొంగాలి."

అలా అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆదిలక్ష్మి ఇంటికొచ్చి ఓవెన్‌తో ఇచ్చిన పుస్తకం తెరిచింది. అందులో పద్నాలుగో పేజీలో లావుపాటి అక్షరాలతో ఉంది, పాలు ఎట్టి పరిస్థితుల్లోనూ పొంగనివ్వరాదు అని. పుస్తకం పొంగకూడదంటుంది, ఇంటావిడ పొంగాలంటుంది. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో ఆదిలక్ష్మికి ఆ రాత్రి బాగా తెలిసొచ్చింది. చివరికి గది ఇచ్చేది పుస్తకం కాదు కాబట్టి ఇంటావిడ మాటే నెగ్గింది.

గురువారం తొమ్మిదింటికి భవానీదేవిగారు పట్టుచీరలో దిగారు. చేతిలో తళతళలాడే ఇత్తడి గిన్నె.

"మా అత్తగారిది. మా గదుల్లో పాలు పొంగించేది ఇందులోనే. పట్టు."

ఆదిలక్ష్మి చేతులు వెనక్కి లాక్కుంది. "అమ్మగారు, లోపల ఇత్తడి పెట్టకూడదండి. నిప్పులు రేగుతాయండి."

"ఇత్తడి పనికిరాదా? దేవుడికి పనికొచ్చింది, నీ పెట్టెకి పనికిరాదా?" ఆవిడ ముత్యాలరాజు వైపు తిరిగారు. "నువ్వు చెప్పు ముత్యాలరాజూ, ఇత్తడి మంచిదా కాదా?"

"ఆయ్," అన్నాడు ముత్యాలరాజు.

ముత్యాలరాజు చెడ్డవాడు కాదు. పెద్దవాళ్ళు ఏం అడిగినా అవునన్నట్టు ఆయ్ అనడం తప్ప మరో మాట ఎరగడు. ఆ ఒక్క మాటతో అతను పాతికేళ్ళు ఎవరితోనూ తగువు పడకుండా నెట్టుకొచ్చాడు. పెళ్ళయ్యాక అతని బదులు తగువులన్నీ ఆదిలక్ష్మి పడింది.

ఇప్పుడూ ఆమే పడింది. నిలబడి, వంగి, చేతులు కట్టుకుని, ఇత్తడి గిన్నె ఓవెన్ మీద పెట్టేట్టూ, గాజుగిన్నె లోపల పెట్టేట్టూ ఒప్పించింది. ఈలోగా పక్క గదిలో జిరాక్సు సెంటరు నడిపే సత్యదుర్గారావు వచ్చాడు. ఊళ్ళో ఎవరింట్లో ఏ శుభకార్యం జరిగినా సాయపడే గుణం అతనిది. అతని సాయం పొందినవాళ్ళు మాత్రం ఊళ్ళో అంత సంతోషంగా కనబడరు.

"గాజుగిన్నె బోసిగా ఉందండి అమ్మగారు," అన్నాడు. "మా కొట్లో వెండి మెరుపు కాగితం ఉంది. అంచుకి అంటించేస్తాను."

ఐసు పెట్టె సర్దుకుంటున్న ఆదిలక్ష్మికి ఈ మాట వినబడలేదు. ఆమె ఇటు తిరిగేసరికి గిన్నె అంచున వెండి అంచు, మెడకి పసుపుతాడు, పసుపుకొమ్ము అమరిపోయి, గిన్నె లోపలికి వెళ్ళిపోయి, భవానీదేవిగారి వేలు మీట మీద ఉంది. చిటచిటమని నీలం నిప్పులు ఎగిశాయి. ఆదిలక్ష్మి ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేసింది. ఓవెన్ పోతే మరొకటి కొనే తాహతు లేదు, పైన అటక నిండా కురిడీలు.

వెనక్కి తిరిగి చూస్తే భవానీదేవిగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతున్నారు.

"జ్యోతి కనబడింది. చూసేవా దుర్గారావూ?"

"చూసేనండి. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది."

అది జ్యోతి కాదని చెప్పబోయి ఆదిలక్ష్మి నోరు మూసుకుంది. శుభం అనుకున్నదాన్ని ప్రమాదం అంటే గది పోతుంది. మెరుపు కాగితం చడీచప్పుడు లేకుండా గీకేసి, ఓవెన్ పాడవలేదు కదా అని లోపలంతా తడిమి చూసుకుంది. బతికే ఉంది. తనూ బతికే ఉంది. టైము తొమ్మిదీ పద్దెనిమిది.

అప్పుడు దిక్కుల ప్రసక్తి వచ్చింది. పాలు తూర్పుకి పొంగితే శ్రేష్ఠం, ఉత్తరమైనా ఫరవాలేదు, దక్షిణానికి మాత్రం పొంగకూడదు. అది యముడి వైపు. ఆకాశం మబ్బు పట్టి ఉంది, సూర్యుడి జాడ లేదు. సత్యదుర్గారావు తన ఫోన్లో దిక్కులు చూపించే యంత్రం తెరిచి, ఫోను తీసుకెళ్ళి సరిగ్గా ఓవెన్ మీద పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగి బస్టాండు మరుగుదొడ్ల వైపు ఆగింది.

"తూర్పు అటుందండి," అన్నాడు.

ఓవెన్‌ని అటు తిప్పారు. మళ్ళీ ఫోను పెట్టాడు. ఈసారి తూర్పు గోడలోకి వెళ్ళింది. ఓవెన్‌ని గోడ వైపు తిప్పితే తలుపు తెరుచుకోదు. మరో వైపు తిప్పితే తీగ చాలదు. ఓవెన్ లోపల అయస్కాంతం ఉంటుందని, ఫోను దానిమీద పెడితే తూర్పు ఎప్పటికీ దొరకదని ఉషారాణి మేడం దయవల్ల ఆదిలక్ష్మికి తెలుసు. ఆ సంగతి రెండుసార్లు చెప్పింది. యంత్రం అబద్ధం చెప్పదని సత్యదుర్గారావు కొట్టిపారేశాడు. చుక్కల్ని చూసి నడిసముద్రంలోంచి ఇంటికి దారి పట్టిన ముత్యాలరాజు గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ తూర్పు ఎటని అడగలేదు. "అదే తూర్పు కదా ముత్యాలరాజూ?" అని మాత్రం మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఆయ్ అన్నాడు.

చివరికి తలుపు తెరుచుకునే వైపే ఉంచేసి, తొమ్మిదీ ఇరవై ఆరుకి ఓవెన్ మొదలుపెట్టారు. ముహూర్తం తొమ్మిదీ నలభై నాలుగు దాకా ఉంది. నలుగురూ అద్దంలోంచి లోపలికి చూస్తున్నారు. పాలు కదిలాయి, అంచున నురగ కట్టాయి, పైకి లేచాయి.

"వస్తున్నాయి, వస్తున్నాయి," అంటూ భవానీదేవిగారు పసుపూ కుంకుమా వెయ్యడానికి తలుపు తెరిచేశారు. తలుపు తెరవగానే ఓవెన్ ఆగిపోయింది. పాలు అడుక్కి దిగిపోయాయి.

"తలుపు తీస్తే ఆగిపోద్దండి అమ్మగారు."

"పాలు పొంగుతుంటే తలుపు మూసుకుని కూర్చుంటామా?"

మళ్ళీ పెట్టారు. మళ్ళీ లేచాయి. ఈసారి సత్యదుర్గారావు ఫోటో కోసం తలుపు తీశాడు. మూడోసారి తలుపు మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా ఆదిలక్ష్మి అడ్డంగా నిలబడింది. పాలు లేచాయి, అంచు దాకా వచ్చాయి, కరెంటు పోయింది.

ఆ మబ్బు చీకట్లో ఆదిలక్ష్మి మనసు ఎలా ఉందో చెప్పడం కష్టం. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో తుపాన్లు చూసింది, మొగుడు తిరిగొస్తాడో రాడో తెలియని రాత్రులు చూసింది. ఇంత నిస్సహాయంగా ఎన్నడూ లేదు. తుపానుకి కనీసం ఎవరూ సాయం చెయ్యరు.

ఆరు నిమిషాలకి కరెంటు వచ్చింది. ఓవెన్ మీది గడియారం మాత్రం పన్నెండు చూపిస్తూ మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. భవానీదేవిగారు దాన్ని చూసి నుదురు కొట్టుకున్నారు.

"అయ్యో, పన్నెండైపోయిందే. ముహూర్తం దాటిపోయి రెండు గంటలైంది. నాకు తెలియనే లేదు."

"కరెంటు పోయి వస్తే అది అలాగే చూపిస్తదండి. ఇంకా తొమ్మిదీ ముప్ఫై ఎనిమిదే," అంటూ ఆదిలక్ష్మి నాలుగు ఫోన్లు చూపించింది. భవానీదేవిగారికి అప్పటికి నమ్మకం కుదిరింది గానీ ముఖంలో మబ్బు మిగిలిపోయింది.

తొమ్మిదీ నలభై ఒకటికి పాలు పొంగాయి. ఎంత పొంగాయంటే గిన్నె మునిగి, పళ్ళెం నిండి, తలుపు సందులోంచి బల్ల మీదికి కారాయి. అడుగున పళ్ళెం గిర్రున తిరుగుతూనే ఉంది. ఆదిలక్ష్మి పుస్తకంలోని పద్నాలుగో పేజీకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని ఊపిరి పీల్చుకుంది.

భవానీదేవిగారు ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారికి ఫోను కలిపి అందరికీ వినబడేట్టు పెట్టారు.

"శుభం," అన్నారాయన. "ఏ దిక్కుకి పొంగాయమ్మా?"

అందరూ బల్ల మీది పాలవైపు చూశారు.

"దక్షిణానికండి," అన్నారు భవానీదేవిగారు నెమ్మదిగా. "నా కళ్ళారా చూసేను."

"కాదండి, తూర్పుకే," అన్నాడు సత్యదుర్గారావు. "ఏ తూర్పంటే, మనం రెండోసారి పెట్టుకున్న తూర్పుకి."

"మొదటి చుక్క దక్షిణానికి పడింది దుర్గారావూ. అవునా ముత్యాలరాజూ?"

"ఆయ్."

భవానీదేవిగారు తాళంచెవిని కొంగు చివర ముడి వేసుకున్నారు. ఆదిలక్ష్మి ఐసు పెట్టె మీద కూలబడిపోయింది. పాలచుక్క ఎటు దొర్లిందన్నదాని మీద పిల్లల చదువూ, మొగుడి నడుం మందులూ ఆధారపడి ఉన్నాయని తలుచుకుంటే ఏడుపొచ్చింది. శుభకార్యంలో ఏడిస్తే అది మరో అపశకునమౌతుందని ఆ ఏడుపుని మింగేసింది. అయినా పోయేదేముంది, గది ఎలాగూ పోయింది. లేచి ఫోను దగ్గరికి వెళ్ళింది.

"పంతులుగారండి, గది తీసుకున్న మనిషినండి. ఈ పెట్టెలో అడుగున పళ్ళెం తిరుగుతా ఉంటదండి. పాలు పొంగినంతసేపూ తిరుగుతానే ఉంది. ఎటు పొంగేయంటే నేనేం చెప్పను? అన్ని వైపులకీ పొంగేయండి. దక్షిణానికీ పొంగేయి, తూర్పుకీ పొంగేయి. మీరు ఏది కావాలంటే అది రాసుకోండి."

ఫోను కట్టయిందేమోనని సత్యదుర్గారావు చూశాడు.

"తిరుగుతూ పొంగాయా?" అన్నారు సిద్ధాంతిగారు చివరికి.

"అవునండి."

"ఎడమ నుంచి కుడికా?"

ఆదిలక్ష్మికి గుర్తు లేదు. మొగుడి వైపు చూసింది.

"ఆయ్," అన్నాడు ముత్యాలరాజు.

"అంటే ప్రదక్షిణం." సిద్ధాంతిగారి గొంతు మారిపోయింది. "భవానీదేవిగారూ, నలభై ఏళ్ళ నుంచి ముహూర్తాలు పెడుతున్నాను. పాలు ప్రదక్షిణం చేస్తూ అన్ని దిక్కులకీ పొంగడం ఇప్పుడే వింటున్నాను. అంతకు ముందు ఏమైనా కనబడిందా?"

"జ్యోతి కనబడిందండి," అన్నారు భవానీదేవిగారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇంకేం కావాలమ్మా. ఆ చోటుని భద్రంగా చూసుకోండి."

కొంగు ముడి విప్పి తాళంచెవి ఆదిలక్ష్మి చేతిలో పెట్టారు భవానీదేవిగారు. అంతటితో ఆగక ఆమె నుదుట బొట్టు పెట్టారు, ఓవెన్‌కి బొట్టు పెట్టారు, నువ్వు మా ఇంటికి రావడం మా అదృష్టం తల్లీ అన్నారు. ఇన్నాళ్ళూ ముక్కు మూసుకున్నవాళ్ళనే చూసిన ఆదిలక్ష్మికి ఆ మాటతో కడుపు నిండిపోయింది. ఒలికిన పాలు తుడిచింది, లోపల తడి లేకుండా చేసింది. పదీ పది. బస్సు వచ్చి ఆగిన చప్పుడు వినబడింది. ఐసు పెట్టె తెరిచి, మూతకి ఆవిరి సందు ఉన్న గాజుపాత్రలో చేపల పులుసు వేసుకుని ఓవెన్ తలుపు మీద చెయ్యి వేసింది.

"అదేంటమ్మా?" అన్నారు భవానీదేవిగారు.

"చేపల పులుసండి. వేడి చేస్తానండి."

"దాంట్లోనా?"

"దాంట్లోనేనండి."

"పాలు ప్రదక్షిణం చేసిన చోట నీచు పెడతావా తల్లీ?" ఆవిడ గొంతులో కోపం లేదు. చిన్నపిల్లకి చెప్పినంత ప్రేమగా చెప్పారు. "పంతులుగారు ఏమన్నారు? భద్రంగా చూసుకోమన్నారు."

"అమ్మగారు, నేను గది తీసుకుందే చేపల కోసమండి."

"గది నీదే. నేను కాదన్నానా? తాళంచెవి నీ చేతిలోనే ఉంది కదా. పెట్టె సంగతి చెబుతున్నాను."

"పోనీ కరెంటు పొయ్యి పెట్టుకోనాండి?"

"పైన కురిడీలున్నాయి కదమ్మా."

ఆదిలక్ష్మి చేతిలో గాజుపాత్ర చల్లగా ఉంది. ఇలాగే వడ్డించేస్తే ఏమవుతుంది అని ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం కళ్ళజోడు తీసిన ఉషారాణి మేడం కళ్ళు కనబడ్డాయి. నడిమధ్య వేడి తగలని ముక్క ఎవరికీ పెట్టకూడదు. ఆ సూత్రం ఒక్కటీ ఈ పొద్దున ఇంకా చెడలేదు. దాన్నైనా చెడనివ్వకూడదనుకుంది. పాత్రని తిరిగి ఐసులో పెట్టి మూత వేసింది.

గుమ్మంలో ఒక పెద్దాయన సంచి పట్టుకుని నిలబడ్డాడు. సఖినేటిపల్లి నుంచి వచ్చినట్టున్నాడు, ఆకలి ముఖం మీదే ఉంది.

"భోజనముందాండి?" అన్నాడు.

ఆదిలక్ష్మి నోరు విప్పేలోపే పక్కనుంచి జవాబు వచ్చింది.

"ఆయ్," అన్నాడు ముత్యాలరాజు, కుర్చీ జరుపుతూ.

హాట్‌బాక్సులో అన్నం ఉంది. గిన్నెలో పాలు మిగిలాయి. ఆదిలక్ష్మి ఆ పాలని ఓవెన్లో మళ్ళీ వేడిచేసింది, సగంలో ఆపి కలిపింది, రెండు నిమిషాలు కదపకుండా ఉంచింది, నడిమధ్యలో చెంచా పెట్టి చూసింది. ఆకు వేసి, అన్నం పెట్టి, పాలు పోసి, కాస్త పంచదార చల్లింది. అంతర్వేది చేపల భోజనం అని ఎర్రరంగుతో కొత్తగా రాయించిన బోర్డు కింద కూర్చుని పెద్దాయన మారు అడిగి మరీ తిన్నాడు.

ముళ్ళు ఏరుకునే బాధ లేకుండా ఉందని మెచ్చుకుని వెళ్ళాడు.